పిల్లల జ్వరం - మూత్ర పరీక్ష: రిపోర్టు చదవడం నేర్చుకుందాం

తెలుగు బడిలో శరీర భాగాల పాఠం కన్ను, ముక్కు, చెవితో మొదలై కాలి వేళ్లతో ముగుస్తుంది. లోపలి భాగాల్లో గుండె, పొట్ట వరకు వస్తాం గాని మూత్రపిండం దాకా వెళ్లం. ఈ ఏడాది సంచికలో ఆ పాఠం చెప్పుకుందామని అనుకున్నాం. దానికి కారణం ఉంది. చిన్నపిల్లలకు వచ్చే జ్వరాల్లో, పైకి ఏ గుర్తూ కనిపించకుండా లోపల హాని చేసేది మూత్రంలో ఇన్‌ఫెక్షన్. దాన్ని పట్టుకునే పరీక్ష సులువైనదే, ఖర్చు కూడా తక్కువే. కాని ఆ పరీక్ష చేయించాలని ఎవరికో ఒకరికి తోచాలి కదా!

మేము వైద్యులం కాము. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, వారాంతంలో మీ పిల్లల చేత అక్షరాలు దిద్దించేవాళ్లం. వైద్య సంఘాలు ప్రచురించిన మార్గదర్శకాలను, పరిశోధనలను చదివి, మాకు అర్థమైనంతలో తేలిక మాటల్లో ఇక్కడ రాస్తున్నాం. వైద్యం విషయంలో చివరి మాట మీ పిల్లల డాక్టరు గారిదే.

1. "వేడి చేసింది" అనే మాట

మన ఇళ్లలో పిల్లలు మూత్రానికి వెళ్లి మంట అని ఏడిస్తే వెంటనే వినిపించే మాట "ఒంటికి వేడి చేసింది". ఆ వెనకే బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు, సబ్జా గింజలు వస్తాయి. ఇంకా మాటలు రాని పసిపిల్లకు జ్వరం వస్తే "పళ్లొస్తున్నాయి, అందుకే" అంటాం. ఈ మాటల వెనక ఉన్నది ప్రేమే. బార్లీ నీళ్ల వల్ల నష్టమూ లేదు, పెద్ద పిల్లలు నీళ్లు ఎక్కువ తాగడం మంచిదే. చిక్కు ఎక్కడంటే, కారణం దొరికిందనుకుని మనం వెతకడం మానేస్తాం. పళ్లు వచ్చేటప్పుడు ఒళ్లు కొంచెం వెచ్చబడవచ్చు గాని, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 డిగ్రీల సెల్సియస్) దాటిన జ్వరాన్ని పళ్ల మీదకి నెట్టకూడదని వైద్యులు చెబుతారు.

రెండేళ్ల లోపు పిల్లల్లో, జలుబు, చెవిపోటు వంటి వేరే కారణమేదీ కనిపించకుండా జ్వరం వస్తే, వారిలో నూటికి సుమారు 5 మందికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటుంది. పసిపిల్లలు మంట అని చెప్పలేరు. జ్వరం, వాంతులు, పాలు సరిగా తాగకపోవడం, ఊరికే చిరాకు పడటం, ఇవే వాళ్ల భాష. మొదటి కొన్ని నెలల్లో ఇది మగపిల్లల్లోనూ బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ఆడపిల్లల్లో ఎక్కువ.

2. మూత్రపిండం సంగతి

పిల్లలూ, మీ నడుముకి కొంచెం పైన, వెన్నెముకకి రెండు పక్కలా చిక్కుడు గింజ ఆకారంలో రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల చిన్న చిన్న వడపోత యంత్రాలు ఉంటాయి. వాటిని నెఫ్రాన్లు అంటారు. ఇవి రక్తాన్ని వడకట్టి, అక్కరలేని వాటిని నీటితో కలిపి మూత్రంగా కిందికి పంపిస్తాయి. ఆ మూత్రం రెండు సన్నని గొట్టాల గుండా దిగి, మూత్రాశయం అనే సంచిలో నిలవ ఉంటుంది. సంచి నిండినప్పుడు మీకు బాత్రూమ్‌కి వెళ్లాలనిపిస్తుంది.

ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు నెఫ్రాన్లన్నీ అప్పటికే తయారై ఉంటాయి. ఆ తర్వాత అవి పెద్దవి అవుతాయే గాని, కొత్తవి పుట్టవు. మోకాలు గీసుకుపోతే కొత్త చర్మం వస్తుంది. మూత్రపిండంలో ఒక చోట మచ్చ పడితే అక్కడి నెఫ్రాన్లు తిరిగి రావు. మచ్చలు ఎక్కువైతే పెద్దయ్యాక రక్తపోటు, మూత్రపిండాల జబ్బు వచ్చే అవకాశం ఉంది.

3. లోపల జరిగే యుద్ధం

ఈ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగానికి కారణం ఈ.కోలై అనే బాక్టీరియా. ఇది మన పేగుల్లో మామూలుగా బతికేదే. అక్కడ ఉన్నంతసేపు గొడవ లేదు. మూత్రం వచ్చే దారిలోకి చేరితే పేచీ మొదలవుతుంది. దాని ఒంటి మీద సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి. వాటితో గోడలను పట్టుకుని, మూత్రం ధారకు కొట్టుకుపోకుండా పైకి పాకుతుంది. మూత్రాశయం దగ్గరే ఆగితే దాన్ని సిస్టైటిస్ అంటారు. మూత్రపిండం దాకా ఎక్కితే పైలోనెఫ్రైటిస్ అంటారు. భయపడవలసింది ఈ రెండో దానికే.

శత్రువు రాగానే ఒంట్లోని కణాలు అలారం మోగిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్ 6, ఇంటర్‌ల్యూకిన్ 8 అనే రసాయనాలు విడుదలవుతాయి. 8వ నంబరు పిలుపు విని తెల్ల రక్త కణాలు పరుగెత్తుకొస్తాయి. ఆ పోరాటంలో అక్కడ వాపు, వేడి, నొప్పి పుడతాయి. దీన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, తెలుగు వైద్య పుస్తకాల్లో శోథ అని రాస్తారు. యుద్ధం జరిగిన చోటు నుంచి కొట్టుకొచ్చిన ఆనవాళ్లు మూత్రంలో కనిపిస్తాయి. వాటిని కొలవడమే మూత్ర పరీక్ష. మా వృత్తి భాషలో చెప్పాలంటే, ప్రోగ్రామ్ లోపల ఏం జరిగిందో తెలుసుకోవడానికి లాగ్ ఫైల్ చదవడం లాంటిదన్నమాట.

4. రిపోర్టులో చూడవలసిన నాలుగు వరుసలు

మూత్ర పరీక్ష రిపోర్టులో చాలా వరుసలు ఉంటాయి. మన పాఠానికి నాలుగు చాలు.

ల్యూకోసైట్ ఎస్టరేజ్: తెల్ల రక్త కణాల్లో ఉండే ఒక ఎంజైమ్. మందు పూసిన కాగితపు పట్టీని మూత్రంలో ముంచితే నిమిషాల్లో రంగు మారి తెలుస్తుంది. ఇది ఉందంటే తెల్ల కణాలు వచ్చాయని అర్థం. శోథకు ఇదే అందరికీ అందుబాటులో ఉన్న గుర్తు.

నైట్రైట్: మన ఆహారం నుంచి మూత్రంలోకి నైట్రేట్ వస్తుంది. ఈ.కోలై వంటి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. దీనికి మూత్రం సంచిలో సుమారు 4 గంటలు నిలవ ఉండాలి. డైపర్ వేసుకునే పిల్లలు గంటగంటకీ తడిపేస్తుంటారు కనుక, ఇన్‌ఫెక్షన్ ఉన్నా నైట్రైట్ కనిపించకపోవచ్చు. పైగా కొన్ని రకాల బాక్టీరియా నైట్రైట్‌ను తయారు చెయ్యనే చెయ్యవు.

చీము కణాలు: మైక్రోస్కోపులో లెక్కపెట్టిన తెల్ల కణాల సంఖ్య. ఇండియా రిపోర్టుల్లో దీన్ని పస్ సెల్స్ అని రాస్తారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన మూత్రంలో, ఒక్కో దృశ్యంలో 5, అంతకు మించి కనిపిస్తే ఎక్కువ అని లెక్క.

కల్చర్: మూత్రాన్ని పళ్లెంలో వేసి బాక్టీరియా పెరుగుతుందేమో చూస్తారు. ఒకటి రెండు రోజులు పడుతుంది. ఏ బాక్టీరియా, ఏ యాంటీబయాటిక్‌కి లొంగుతుంది అన్నది చెప్పేది ఇదొక్కటే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, 2 నెలల నుంచి 24 నెలల పిల్లల్లో ఇన్‌ఫెక్షన్ అని తేల్చడానికి రెండూ కావాలి: మూత్రంలో చీము కణాలో బాక్టీరియానో కనిపించాలి, కల్చర్‌లో మిల్లీలీటరుకు కనీసం 50,000 బాక్టీరియా పెరగాలి.

5. పెద్ద పిల్లలకు ఒక లెక్క

మిడిల్ స్కూలు, హైస్కూలు పిల్లలూ, కాగితం, పెన్సిలు తీసుకోండి. అదే మార్గదర్శకంలోని అంకెలివి. ఇన్‌ఫెక్షన్ ఉన్న 100 మందిలో ల్యూకోసైట్ ఎస్టరేజ్ 83 మందిని పట్టుకుంటుంది. లేని 100 మందిలో 22 మందికి ఉన్నట్టు తప్పుగా చూపిస్తుంది. నైట్రైట్ 53 మందినే పట్టుకుంటుంది, కాని తప్పుగా చూపించేది ఇద్దరికే.

ఇప్పుడు జ్వరంతో ఉన్న 2,000 మంది పసిపిల్లలను తీసుకుందాం. నూటికి 5 చొప్పున 100 మందికి ఇన్‌ఫెక్షన్ ఉంది, 1,900 మందికి లేదు.

ల్యూకోసైట్ ఎస్టరేజ్ పరీక్షలో నిజంగా దొరికినవారు 83, తప్పు అలారం 418. మొత్తం 501. అంటే ఆరుగురికి అలారం మోగితే నిజం ఒక్కరికి.

నైట్రైట్ పరీక్షలో నిజంగా దొరికినవారు 53, తప్పు అలారం 38. మొత్తం 91. అంటే అలారం మోగినవారిలో సగం మందికి పైగా నిజమే. కాని 47 మంది దొరకకుండా పోయారు.

ఈ లెక్క నుంచి తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినది ఇంతే: నైట్రైట్ ఉందంటే నమ్మవచ్చు, లేదంటే మాత్రం నిశ్చింతగా ఉండలేం. ల్యూకోసైట్ ఎస్టరేజ్ ఉందన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ ఖాయం కాదు. అందుకే డాక్టర్లు రెండూ కలిపి చూసి, కల్చర్‌కి కూడా పంపిస్తారు.

6. శాంపిల్ మంచిదైతేనే రిపోర్టు మంచిది

డైపర్ పిల్లలకు చర్మం మీద ప్లాస్టిక్ సంచి అంటించి మూత్రం పట్టడం ఒక పద్ధతి. ఇందులో చర్మం మీది బాక్టీరియా కలిసిపోతుంది. ఈ సంచి మూత్రంలో ఏమీ కనిపించకపోతే ఆ మాటకు విలువ ఉంది. కాని సంచి మూత్రం కల్చర్‌లో బాక్టీరియా పెరిగిందంటే దాని మీద ఆధారపడలేం. అందుకే ఇక్కడి డాక్టర్లు పసిపిల్లలకు సన్నని కాథెటర్ గొట్టం పెట్టి మూత్రం తీస్తామంటారు. వినగానే తల్లి గుండె గుభేలుమంటుంది. కొద్ది క్షణాల అసౌకర్యమే అది. తప్పుడు రిపోర్టు వల్ల అక్కరలేని మందులు, అక్కరలేని స్కాన్‌లు తప్పుతాయి. టాయిలెట్ అలవాటైన పిల్లల దగ్గర శుభ్రం చేసి, మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టాలి.

ఇంకొక మాట. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే శాంపిల్ ఇవ్వాలి. వేసవి సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు ఈ విషయం మరీ గుర్తుంచుకోండి. వీధి చివర మందుల షాపులో అడిగి తెచ్చిన సిరప్ రెండు డోసులు పడ్డాక కల్చర్ చేయిస్తే, బాక్టీరియా సరిగా పెరగక అసలు సంగతి దాగిపోవచ్చు.

7. మూత్రాశయమా? మూత్రపిండమా?

ఇంతవరకు చెప్పుకున్న గుర్తులు ఇన్‌ఫెక్షన్ ఉందా లేదా అన్నది చెబుతాయి. అది కింద సంచిలో ఉందా, పైకి ఎక్కిందా అన్నది చెప్పలేవు. యుద్ధం ఎక్కడ జరిగినా తెల్ల కణాలు చేరేది అదే మూత్రంలోకి కదా!

రక్త పరీక్షల్లో సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్ అనే రెండు గుర్తులు ఉన్నాయి. సీఆర్‌పీ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే మూత్రపిండం దాకా వెళ్లి ఉండకపోవచ్చు. కాని ఎక్కువ ఉన్నంత మాత్రాన వెళ్లిందని చెప్పలేం, ఎందుకంటే ఒంట్లో ఎక్కడ శోథ ఉన్నా అది పెరుగుతుంది. ప్రోకాల్సిటోనిన్ కొంత నయం. కాని వీటిలో ఏదీ మామూలుగా వాడి నిర్ణయం చెయ్యగలిగేంత కచ్చితమైనది కాదని 2015లో కోక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకం కూడా సీఆర్‌పీ ఒక్కదానితో తేల్చవద్దని చెబుతుంది. మూత్రంలో బాక్టీరియా ఉండి, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంతకు మించి ఉంటే మూత్రపిండానికి చేరినట్టే భావించి వైద్యం చెయ్యమంటుంది.

పరిశోధకులు మూత్రంలోనే కొత్త గుర్తుల కోసం వెతుకుతున్నారు. వాటిలో ఆసక్తికరమైనది ఎన్‌గాల్ అనే ప్రోటీన్. దీని కథ పిల్లలకు నచ్చుతుంది. బాక్టీరియా పెరగాలంటే ఇనుము కావాలి. అందుకని ఈ.కోలై ఇనుమును పట్టి తెచ్చే చిన్న అణువులను గాలం వేసినట్టు బయటికి వదులుతుంది. మన మూత్రపిండం కణాలు, తెల్ల కణాలు ఎన్‌గాల్‌ను వదులుతాయి. అది వెళ్లి ఆ గాలాన్నే లాక్కుంటుంది. దొంగకి అన్నం దొరకకుండా వంటగదికి తాళం వేసినట్టు! యుద్ధం మొదలైతే మూత్రంలో ఎన్‌గాల్ బాగా పెరుగుతుంది. 2017లో అమెరికాలో పసిపిల్లల మీద వెలువడిన ఒక అధ్యయనంలో ఇది ఇన్‌ఫెక్షన్‌ను చాలా బాగా పట్టుకుంది. అయితే మూత్రపిండానికి వేరే రకంగా దెబ్బ తగిలినా ఎన్‌గాల్ పెరుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్ 6, 8 కూడా ఇన్‌ఫెక్షన్‌లో పెరుగుతాయి గాని, పైనా కిందా అన్నది నమ్మకంగా విడదీసి చెప్పలేకపోతున్నాయి. కనుక ఈ పేర్లు ఇంటర్నెట్‌లో చదివి క్లినిక్‌లో పట్టుబట్టవలసిన అవసరం లేదు.

మూత్రపిండం దెబ్బతిన్నదీ లేనిదీ చూపించే పరీక్ష డీఎంఎస్‌ఏ స్కాన్. కొంచెం రేడియోధార్మిక మందు నరంలోకి ఎక్కించి, కొన్ని గంటల తర్వాత బొమ్మ తీస్తారు. దీన్ని ప్రతి పిల్లకూ చెయ్యరు. అవసరమనుకుంటే, ఇన్‌ఫెక్షన్ తగ్గిన కొన్ని నెలలకు మచ్చ ఉందేమో చూడటానికి చేస్తారు.

8. గడియారం ఎందుకు చూడాలి?

2010లో వెలువడిన ఒక సమీక్షలో, మొదటిసారి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన పిల్లల్లో నూటికి 57 మందికి స్కాన్‌లో మూత్రపిండం మీద ఆ సమయంలో మార్పులు కనిపించాయి. తర్వాత మచ్చ మిగిలింది 15 మందికి. అంటే ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. ఇది ధైర్యం చెప్పే మాట.

రెండో మాట తొందర చెయ్యమనేది. 2016లో 482 మంది పిల్లల మీద అమెరికాలో చేసిన అధ్యయనం వెలువడింది. జ్వరం మొదలయ్యాక యాంటీబయాటిక్ పడటానికి ఎంతసేపు పట్టిందో చూశారు. మచ్చ పడిన పిల్లల్లో ఆ మధ్యస్థ సమయం 72 గంటలు, పడని వారిలో 48 గంటలు. ఒక్క రోజు తేడా! మనం బార్లీ నీళ్లతో, "రేపు చూద్దాంలే" అనే మాటతో గడిపేసేది ఆ ఒక్క రోజే.

సమయానికి వెళితే వైద్యం కూడా తేలికే. 1999లో 306 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, నోటి ద్వారా ఇచ్చిన యాంటీబయాటిక్, నరంలోకి ఎక్కించిన దానితో సమానంగా పనిచేసింది. వాంతులు లేకుండా మందు కడుపులో నిలిచే పిల్లలు చాలామంది ఇంటి దగ్గరే కోలుకుంటారు. జ్వరం తగ్గింది కదా అని మందు మధ్యలో ఆపకండి.

9. ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

- మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే పగలైనా రాత్రయినా వెంటనే డాక్టరుకు చూపించాలి.
- అంతకన్నా పెద్ద పిల్లల్లో, కారణం తెలియని జ్వరం ఒక రోజు దాటితే "మూత్ర పరీక్ష అవసరమా?" అని అడగండి. ఇంతకు ముందు ఇన్‌ఫెక్షన్ వచ్చిన పిల్లలైతే ఆగకండి.
- రిపోర్టులు, కల్చర్‌తో సహా, ఒక ఫైల్లో ఉంచండి. ఇండియా వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.
- మలబద్ధకం ఉంటే పట్టించుకోండి. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కి, మూత్రం పూర్తిగా ఖాళీ కాకుండా చేస్తుంది.
- స్కూల్లో బాత్రూమ్ బాగుండదని రోజంతా ఆపుకునే పిల్లలు ఉంటారు. మెల్లగా అడిగి తెలుసుకోండి, అవసరమైతే టీచరుతో మాట్లాడండి.
- ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి తుడుచుకోవడం నేర్పండి.
- పిల్లలను చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య, నానమ్మలకు డాక్టరు ఫోన్ నంబరు తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ను ఏర్పాటు చెయ్యాలి. తెలుగు కావాలని అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

10. సంభాషణ (ఇద్దరు పిల్లలు గట్టిగా చదవండి)

పాప: అమ్మమ్మా, ఒంటికి వెళ్తే మంటగా ఉంది.
అమ్మమ్మ: ఎప్పట్నించి తల్లీ?
పాప: పొద్దుట్నించి. మాటిమాటికీ వస్తున్నట్టు ఉంటోంది, వెళ్తే కొంచెమే వస్తోంది.
అమ్మమ్మ: ఇంకెక్కడైనా నొప్పిగా ఉందా?
పాప: ఇదిగో ఇక్కడ, వెనకాల, పక్కటెముకల కింద. చలిగా కూడా ఉంది.
అమ్మమ్మ: ఒళ్లు కాలిపోతోందే! బార్లీ నీళ్లు తర్వాత తాగుదువుగాని. ముందు మీ అమ్మకి ఫోన్ చేద్దాం. ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కొత్త మాటలు

మూత్రపిండం: కిడ్నీ
మూత్రాశయం: మూత్రం నిలవ ఉండే సంచి
శోథ: ఇన్‌ఫ్లమేషన్, రోగంతో పోరాడేటప్పుడు వచ్చే వాపు, వేడి, నొప్పి
సూచిక: జరిగిన దాన్ని తెలిపే గుర్తు
ఒంటికి వెళ్లడం: మూత్రానికి వెళ్లడం
మాటిమాటికీ: మళ్లీ మళ్లీ

ప్రశ్నలు

1. పసిపిల్లల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా నైట్రైట్ ఎందుకు కనిపించకపోవచ్చు?
2. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే శాంపిల్ ఎందుకు ఇవ్వాలి?
3. ల్యూకోసైట్ ఎస్టరేజ్, నైట్రైట్‌లలో ఏదో ఒకటి కనిపించినా అలారం అనుకుంటే, ఇన్‌ఫెక్షన్ ఉన్న 100 మందిలో 93 మంది దొరుకుతారు, లేని 100 మందిలో 28 మందికి తప్పు అలారం మోగుతుంది. 2,000 మంది పిల్లల్లో మొత్తం ఎన్ని అలారాలు మోగుతాయి? (జవాబు: 93 + 532 = 625)
4. మీ ఇంట్లో అమ్మమ్మనో, నానమ్మనో "వేడి చెయ్యడం" అంటే ఏమిటని అడిగి, ఐదు వాక్యాలు రాసి వచ్చే వారం క్లాసుకు తీసుకురండి. ఆ తర్వాత వాళ్లకి ఈ పాఠం చదివి వినిపించండి.